పుంతకు పర్మిషన్ కావాలి, పట్టా పొలానికి అక్కర్లేదా?

చేలో ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతి కనపడిందంటే మా మెట్ట రైతుకు ఆ రాత్రి నిద్ర ఉండదు. పాతినవాళ్లు మనతో మాట్లాడరు. మూడుకాళ్ల స్టాండు మీద యంత్రం పెట్టి చూసుకుంటారు, రాసుకుంటారు, పక్క చేలోకి పోతారు. అడిగితే "సర్వే అండి, ఇంకా ఏమీ ఖాయం కాలేదు" అంటారు. ఏడాది పోయాక అడిగితే "ఇప్పుడేం చేస్తామండి, లైను ఖాయమైపోయింది" అంటారు. ఈ రెండు జవాబుల మధ్య రైతును అడిగే రోజు ఒక్కటీ ఉండదు.

మా నాన్న బతికున్న రోజుల్లో మా చేలోంచి ఒక పెద్ద లైను పోయింది. ఎవరు వేశారన్నది ఇక్కడ రాయను, దాని కోసం కాదు ఈ వ్యాసం. అప్పుడు మాకు పొగాకు, గట్టు మీద కొబ్బరి, ఒక మూల జీడిమామిడి. ఒక రోజు మనుషులు వచ్చి కొబ్బరి చెట్లు లెక్కపెట్టి సున్నం గీతలు పెట్టారు. నెల తిరిగేసరికి అవి నేల మీద ఉన్నాయి. చెట్లకు కొంత డబ్బు వచ్చింది. భూమికి ఏమీ రాలేదు. "భూమి మీదేగా, మేం తీసుకోలేదుగా" అన్నారు. నిజమే, పట్టా పాసుపుస్తకంలో ఇప్పటికీ అంతా మా పేరే. కానీ ఆ తీగల కింద బ్యారన్ కట్టుకోలేకపోయాం, బోరు వేయడానికి బండి మాస్టు లేపలేకపోయాం. తరవాత నేను పామాయిల్ వేసినప్పుడు ఆ పట్టీ అంతా వదిలేసి వేయాల్సి వచ్చింది. తోట మధ్యలో తలకు పాపిడి తీసినట్టు ఉంటుంది. శిస్తు మాత్రం దానికీ కట్టాం.

ముందే ఒక మాట. మేం కరెంటుకు వ్యతిరేకులం కాము. డెల్టాలో ఉన్న అన్నదమ్ములకు కాలువ నీళ్లు ఉన్నాయి. జంగారెడ్డిగూడెం, కామవరపుకోట, టి.నరసాపురం వైపు మెట్టలో బోరు మోటారు తిరిగితేనే పంట. కరెంటు విలువ మాకంటే ఎవరికి ఎక్కువ తెలుసు? పోలవరం దగ్గర 12 యూనిట్లతో 960 మెగావాట్ల జల విద్యుత్ కేంద్రం కడుతున్నారు. దేశం మొత్తం మీద 2030 నాటికి బొగ్గు, చమురు కానివాటి నుంచి 500 గిగావాట్లు అని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. సోలార్, గాలి కరెంటు పుట్టే చోటు ఒకటి, వాడుకునే చోటు ఇంకొకటి. కాబట్టి కొత్త లైన్లు వస్తాయి, రావాలి కూడా. ఎటు నుంచి రావాలన్నదే తగాదా. ఆ తగాదా గీత గీయక ముందే పడాలి. గీశాక పడితే చెట్ల రేటు గురించి బేరమాడుకోవడమే మిగులుతుంది.

ఇప్పుడు చట్టం సంగతి. మన చేలో టవరు వేయడానికి వాళ్లకు అధికారం ఇచ్చేది 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షను. ఆ సెక్షను చెప్పేది ఏమిటంటే, తంతి శాఖకు 1885 టెలిగ్రాఫ్ చట్టం కింద ఉన్న అధికారాలను లైను వేసే సంస్థకు ప్రభుత్వం రాతపూర్వకంగా ఇవ్వవచ్చు అని. 1885 అంటే రాజమండ్రి దగ్గర గోదావరి మీద మొదటి రైలు వంతెన కట్టడానికి 15 ఏళ్ల ముందు మాట. ఇంగ్లీషు దొరలు సన్నటి స్తంభాల మీద సన్నటి తీగ లాగడానికి రాసుకున్న చట్టం. ఆ తీగ కింద కొబ్బరి చెట్టు ఉన్నా దొరకు బాధ లేదు, స్తంభం పక్కన దుక్కి దున్నుకున్నా బాధ లేదు. 2013 జులైలో మన దేశంలో టెలిగ్రాం సేవ ఆగిపోయింది. 2023లో కొత్త టెలికాం చట్టం తెచ్చి 1885 చట్టాన్ని రద్దు చేశారు. కానీ ఆ కొత్త చట్టంలోనే ఒక మెలిక పెట్టారు: కరెంటు లైన్లు వేసే పనికి మాత్రం పాత చట్టం మూడో భాగం రద్దు కానట్టే వర్తిస్తుంది అని. తంతి చచ్చింది, తంతి చట్టం మన పొలాల్లో మాత్రం బతికే ఉంది.

ఆ మూడో భాగంలో 10వ సెక్షను ప్రతి రైతూ చదివించుకోవాలి. అందులో (సి) అనే క్లాజు ఉంది. స్థానిక సంస్థ ఆధీనంలో ఉన్న ఆస్తి మీద ఆ సంస్థ అనుమతి లేకుండా ఈ అధికారాలు వాడకూడదు అంటుంది. అంటే పంచాయతీ పుంత మీద స్తంభం వేయాలంటే పంచాయతీ పర్మిషన్ కావాలి. రైతు పట్టా పొలంలో టవరు వేయడానికి రైతు పర్మిషన్ కావాలన్న మాట మాత్రం ఎక్కడా లేదు. వీలైనంత తక్కువ నష్టం చేయాలి, చేసిన నష్టానికి పూర్తి పరిహారం ఇవ్వాలి అని (డి) క్లాజులో ఉంది, అంతే. రైతు అడ్డుపడితే 16వ సెక్షను కింద జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చుకుని పోలీసుల సాయంతో వేసుకుంటారు. ఇది బీద రైతుకే జరిగే అన్యాయం అనుకోకండి. సున్నపురాయి గనుల భూమి మీద లైను వద్దని సెంచరీ టెక్స్‌టైల్స్ అంతటి కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2016 డిసెంబరులో కోర్టు ఏం చెప్పింది? భూ యజమాని ముందస్తు అంగీకారం అక్కర్లేదు అని.

ఇక్కడే ఉంది అసలు కీలకం. లైను గీసే ఇంజినీరు స్థానంలో కూర్చుని ఆలోచించండి. అడవి మీదుగా వెళ్తే 1980 అటవీ సంరక్షణ చట్టం కింద కేంద్రం అనుమతి, బదులు మొక్కల పెంపకానికి డబ్బు, ఎన్నాళ్లు పడుతుందో. జాతీయ రహదారి అంచున వెళ్తే రహదారి వాళ్ల అనుమతి. రైలు పట్టాల పక్కన అయితే రైల్వే. కాలువ గట్టు అయితే జలవనరుల శాఖ. పుంత అయితే పంచాయతీ. ప్రతి చోటా ఒక ఫైలు, ఒక సంతకం, కొన్నిచోట్ల అద్దె. సంతకం అక్కర్లేని జాగా దేశంలో ఒక్కటే, రైతు పొలం. మరి గీత ఎటు వంగుతుంది? ఇందులో ఇంజినీర్ల దుర్మార్గం ఏమీ లేదు. రైతు భూమిని అన్నిటికంటే చవకగా, అన్నిటికంటే సులువుగా చట్టమే చేసి పెట్టింది. ప్రభుత్వ భూమిని ప్రభుత్వం నుంచి అడగడం కష్టం, రైతు భూమిని రైతును అడక్కుండా వాడుకోవడం తేలిక.

ఇంకో సంగతి గుర్తు చేసుకోవాలి. ప్రభుత్వ భూమి అంటున్నదాంట్లో చాలా భాగం నిన్న మొన్నటి దాకా మన భూమే. ఖమ్మం నుంచి దేవరపల్లి దాకా 162 కిలోమీటర్ల గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు మన మండలాల మీదుగానే వేశారు. పోలవరం కుడి కాలువ 174 కిలోమీటర్లు, రెండు వైపులా కొండల్లా మట్టి గట్లు. చింతలపూడి ఎత్తిపోతల కాలువకు తవ్విన పొలాలు మన కళ్ల ముందే ఉన్నాయి, నీళ్ల సంగతి ఎలా ఉన్నా. ఎర్రకాలువ రిజర్వాయరు కింద పోయిన ఊళ్ల వాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఇన్నిసార్లు ఇచ్చిన వాళ్ల దగ్గరికే మళ్లీ లైను పేరుతో వస్తున్నారు. ఒకసారి మన దగ్గర తీసుకుని ప్రభుత్వం పేరు రాసుకున్న ఆ జాగాల అంచుల్లో లైను ఎందుకు పోకూడదు?

పోలేదు అని ఇంజినీర్లు చెప్పే కారణాలు కొన్ని ఉన్నాయి. వాటిని వెక్కిరించి లాభం లేదు, జవాబు చెప్పాలి. పెద్ద లైనుకు వెడల్పు కావాలంటారు. నిజం. 220 కేవీకి 35 మీటర్లు, 400 కేవీకి 46 మీటర్లు, డబుల్ సర్క్యూట్ 765 కేవీకి 67 మీటర్లు. అంత వెడల్పు ఏ రోడ్డు పక్కనా ఖాళీగా దొరకదు, 765 లాంటిది రోడ్డు మార్జిన్‌లో పట్టదు. ఒప్పుకుందాం. కానీ తీగలు కొంత భాగం రోడ్డు జాగా మీద, కొంత భాగం పక్క చేల మీద పోయినా మనకు సగం నష్టం తప్పుతుంది. రోడ్డు అంచునే పోతుంది కాబట్టి చేను రెండు ముక్కలు కాదు. నాలుగు కాళ్ల టవరు బదులు సన్నటి జాగాలో నిలిచే ఒంటి స్తంభం వాడవచ్చని, జాగా లేనిచోట భూగర్భ కేబులు వేయవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ తన మార్గదర్శకాల్లోనే చెప్పింది. టౌన్లలో ఆ పని చేస్తున్నారు. పల్లెకు వచ్చేసరికి ఖర్చు గుర్తొస్తుంది.

కేరళలో చేసి చూపించారు. తమిళనాడులోని పుగళూరు నుంచి త్రిశ్శూరుకు 2,000 మెగావాట్ల డీసీ లైను వేసినప్పుడు, కేరళలో జాగా ఇరుకని చివరి 27 కిలోమీటర్లు భూగర్భ కేబులు రోడ్ల వెంబడి పాతారు. 2021 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి ప్రారంభించారు. దీనివల్ల భూమి వాడకం తగ్గిందని అప్పుడు గొప్పగానే చెప్పుకున్నారు. అంతకు ముందు 2018లో తమిళనాడు పడమటి జిల్లాల రైతులు ఇదే మాట అడిగి దీక్షలకు కూర్చున్నారు: కేరళలో రోడ్డు పక్కన పాతగలిగినప్పుడు మా చేలల్లో టవర్లు ఎందుకు అని. ఆ ప్రశ్నకు ఖర్చు తప్ప వేరే జవాబు రాలేదు. భూగర్భ కేబులు ఖర్చు చాలా ఎక్కువన్నది అబద్ధం కాదు, ఏసీ లైనుకు మరీ ఎక్కువ. అందుకే అన్నిచోట్లా పాతమని అడగడం లేదు. పాతినా చేను మధ్యలోంచి వద్దు, తవ్విన నేల మళ్లీ నేల కావడానికి ఏళ్లు పడుతుంది.

అమెరికాలో విస్కాన్సిన్ అని పాడి రైతుల రాష్ట్రం ఉంది. అక్కడ 2003లోనే చట్టం చేసి వరస పెట్టారు. కొత్త లైను వేయాలంటే మొదట ఇప్పటికే ఉన్న లైన్ల కారిడార్‌లో చూడాలి. కుదరకపోతే హైవేలు, రైలు మార్గాల వెంబడి. ఆ తరవాత నడక దారుల వెంట, అది కూడా భూగర్భంలో వీలైతేనే. ఇవేవీ సాధ్యపడనప్పుడు, చిట్టచివరికి, కొత్త భూమి. మనకు కావలసింది సరిగ్గా ఇలాంటి వరస. దీనికి కొత్త టెక్నాలజీ అక్కర్లేదు, కోట్లు అక్కర్లేదు, ఒక చట్ట సవరణ చాలు. రైతు పొలంలోకి వచ్చే ముందు రోడ్డు అంచు ఎందుకు కుదరలేదో, కాలువ గట్టు ఎందుకు కుదరలేదో కంపెనీ కాగితం మీద రాసి గ్రామసభలో చదవాలి. రాయలేకపోతే అక్కడే వేయాలి.

బట్టమేక పిట్ట గురించి విన్నారా? ఉమ్మడి కర్నూలు జిల్లా రోళ్లపాడు వైపు ఉండేవి, ఇప్పుడు దేశంలో ఎక్కువగా రాజస్థాన్‌లో కొద్దిగా మిగిలాయి. అవి తీగలకు తగిలి చనిపోతున్నాయని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ ప్రాంతంలో లైన్లు భూగర్భంలో వేయమంది. 2024 మార్చిలో ఆ ఉత్తర్వును సడలించి నిపుణుల కమిటీ వేసింది, అది వేరే సంగతి. పిట్టను కాపాడాలన్నందుకు నాకు సంతోషమే. పామాయిల్ తోటల్లో గెలలు కోసే కూలీ పొడవాటి లోహపు గెడకు కత్తి కట్టి పైకెత్తుతాడు. తీగ కింద ఆ గెడ ఎత్తేవాడి కోసం ఏ కమిటీ వేశారు?

డబ్బు లెక్కకు వద్దాం. 2015 అక్టోబరు దాకా భూమి విలువ తగ్గినందుకు ఇంత ఇవ్వాలన్న లెక్కే కేంద్రం చెప్పలేదు. అప్పుడు టవరు కాళ్ల మధ్య జాగాకు భూమి విలువలో 85 శాతం, తీగల కింద కారిడార్‌కు గరిష్ఠంగా 15 శాతం అన్నారు. 2024 జూన్‌లో దాన్ని టవరుకు 200 శాతం, కారిడార్‌కు 30 శాతం చేశారు. రైతులు కొట్లాడకపోతే అది పెరిగేది కాదు. 2025 మార్చిలో మార్కెట్ రేటు తేల్చే కమిటీ గురించి చెబుతూ పల్లెకు 30, మున్సిపాలిటీకి 45, మహానగరానికి 60 శాతం అన్నారు. తీగ ఒకటే, వోల్టేజీ ఒకటే, పల్లెకు వచ్చేసరికి సగం! పైగా భూమి రాష్ట్రాల వ్యవహారం కనుక ఇవి తమ లైన్లకు అమలు చేయాలా అన్నది రాష్ట్రం తేల్చుకోవాలి.

మన తోటలో లెక్క కట్టి చూద్దాం. 400 కేవీ లైను 100 మీటర్ల పొడవు మన తోటలోంచి పోయిందనుకోండి. 46 మీటర్ల వెడల్పున అది ఎకరం 13 సెంట్లు. పామాయిల్ ఎకరానికి 57 మొక్కలు వేస్తాం కాబట్టి 65 చెట్ల దాకా పోతాయి. రిజిస్ట్రేషన్ విలువ ఎకరం 10 లక్షలని అనుకుంటే కారిడార్‌కు 30 శాతం చొప్పున వచ్చేది 3 లక్షల 40 వేలు. టవరు కాళ్ల మధ్య 15 మీటర్లుంటే, ప్రతి వైపు ఒక మీటరు కలుపుకుని ఏడు సెంట్లు, దానికి 200 శాతం అంటే లక్షా 40 వేలు. నరికిన చెట్లకు వేరే ఇస్తారు. కానీ పామాయిల్ నాలుగో ఏట గెల వేస్తే పాతిక ముప్ఫై ఏళ్లు కాస్తుంది. నరికిన చెట్టుకు ఒకసారి లెక్క కట్టారు, ఆ జాగాలో ఇక ఎన్నటికీ వేయలేని చెట్టుకో? వరి చేలో తీగ కింద వరి పండుతుంది, 30 శాతం అన్నా కొంత అర్థం ఉంది. ఎత్తు పెరిగే తోటకు తీగ కింద మిగిలేది సున్నా. డెల్టా లెక్కతో మెట్టకు పరిహారం కడితే ఎలా? తోట భూమి కారిడార్‌కు నూటికి నూరు శాతం ఇవ్వాలి.

అవతలి పక్క చూడండి. అంతర్రాష్ట్ర లైను టెండరు గెలిచిన కంపెనీకి 35 ఏళ్లు చార్జీలు వస్తూనే ఉంటాయి. ఆ చార్జీలు చివరికి మన కరెంటు బిల్లుల్లోనే కలుస్తాయి. సెల్ టవరుకు జాగా ఇచ్చినవాడికి నెలనెలా అద్దె ముడుతుంది. కరెంటు టవరుకు జాగా ఇచ్చిన రైతుకు మాత్రం ఒకసారి చెక్కు, ఆపై శాశ్వతంగా తీగల మోత. కంపెనీకి 35 ఏళ్లు ఆదాయం ఉంటే రైతుకూ 35 ఏళ్లు అద్దె ఉండాలి. కౌలు రైతు సంగతి ఇంకా ఘోరం. పంట నష్టం డబ్బు పట్టాదారు ఖాతాలో పడుతుంది, పంట పెట్టుబడి పెట్టినవాడు గట్టు మీద నిలబడి చూస్తాడు. మన జిల్లాల్లో సాగులో ఎంత భాగం కౌలుదారులదో అందరికీ తెలుసు. సాగుదారు హక్కు పత్రం ఉన్నా లేకపోయినా పొలంలో పంట ఎవరిదో ఆ డబ్బు వాళ్లకే ఇవ్వాలి.

ఇక మనవాళ్లకే ఒక హెచ్చరిక. లైను ప్రభుత్వ భూమిలో వేయండి అని మనం అనగానే ఆఫీసుల్లో కొందరికి బుట్టాయగూడెం, పోలవరం వైపు కొండలు గుర్తొస్తాయి. ఇంకొందరికి దళితులకు ఇచ్చిన అసైన్డు భూములు, ఊరి చెరువు శిఖం, పశువుల మేత బీడు, శ్మశానం గుర్తొస్తాయి. కాగితం మీద అవన్నీ ప్రభుత్వ భూములే. కానీ పోడు భూమికి 2006 అటవీ హక్కుల చట్టం ఉంది, దాని మీద గిరిజనుడి బతుకు ఉంది. లైన్ల లాంటి పొడవాటి ప్రాజెక్టులకు గ్రామసభ అంగీకారం అక్కర్లేదని 2013 ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణ శాఖ కొన్ని మినహాయింపులతో సర్క్యులరు ఇచ్చింది, అంటే అక్కడా రైతుకు చేసిందే గిరిజనుడికీ చేశారు. ఊరుమ్మడి భూములను కాపాడాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. మన పొలం తప్పించుకోవడానికి పక్క పేటవాళ్ల మేత బీడు చూపిస్తే మన సంఘం సంఘం కాదు. మనం అడిగే ప్రభుత్వ భూమి అంటే రోడ్డు అంచు, కాలువ గట్టు, రైలు పక్క జాగా, పాత లైను కారిడార్. ఎవరూ సాగు చేయనిది, ఎవరి పశువూ మేయనిది.

పాత లైను కారిడార్ మాట ఎత్తాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఇప్పటికే ఉన్న తక్కువ కెపాసిటీ లైనును పీకి అదే దారిలో పెద్దది వేస్తామంటే మన సంఘంలో కొందరు వెంటనే ఒప్పుకుంటున్నారు, కొత్తవాళ్ల పొలం తప్పుతుందని. మా చేలో పాత లైను ఉంది కనుక ఇది నాకు సొంత బాధ. ఒప్పుకోవచ్చు. కానీ పాతదానికి అప్పుడు ఇవ్వని భూమి పరిహారం ఇప్పటి రేటున ఇచ్చాకే. మా నాన్న ఊరుకున్నాడని మేం ఊరుకోం.

సర్వే బృందం ఊళ్లోకి వస్తే ఏం చేయాలంటే: తరిమేయకండి, కొట్టకండి, ఆ కుర్రాళ్లు రోజు జీతం మీద వచ్చినవాళ్లు. ఫోటో తీసుకోండి, ఏ లైను, ఎన్ని కేవీ, ఎవరి పని అని రాయించుకోండి. 164వ సెక్షను కింద ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు నకలు అడగండి. ఈ దారి కాక ఇంకే దారులు పరిశీలించారో, అవి ఎందుకు వద్దన్నారో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, నమూనా సంఘం ఆఫీసులో ఉంది. మీ పుంత, డొంక, పంచాయతీ రోడ్డు ఆ గీతలో ఉంటే 10(సి) క్లాజు పంచాయతీ చేతిలో ఉన్న ఆయుధం, షరతులు పెట్టి తీర్మానం చేయించండి. ఖాళీ కాగితం మీద, నింపని పంచనామా మీద ఎవరూ సంతకం పెట్టవద్దు. చెట్లు, వాటి వయసు, బోరు, బోదెలు, షెడ్డు అన్నీ మన మనిషి ముందు లెక్క రాయించాలి. పరిహారం తక్కువని తోస్తే డబ్బు అభ్యంతరంతో తీసుకుంటున్నామని రాసి తీసుకోండి. 16వ సెక్షను మూడో క్లాజు కింద ఏలూరు జిల్లా జడ్జి ముందు పిటిషన్ వేయవచ్చు. భూమి ఎక్కడుంది, లైను ఎంత దూరంలో ఉంది, ఎంత మేర పోయింది అన్నవన్నీ చూసి భూమి విలువ తరుగుదల లెక్క కట్టాలని లివిషా కేసులో సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. చిన్న కమతం వాడికి నష్టం ఎక్కువన్న సంగతి ఆ తీర్పులో ఉంది, లాయరుకు చూపించండి.

మీ పొలంలో పాత లైను ఉంటే, ఏ సంవత్సరం వేశారు, ఎన్ని చెట్లు పోయాయి, ఎంత ఇచ్చారు, సర్వే నంబరుతో సహా ఒక కాగితం మీద రాసి వచ్చే నెల మండల సమావేశానికి తీసుకురండి. మా చేను కాగితం నేను రాసి ఉంచాను.